స్పేర్‌లో ఎక్కిన అమ్మ

అప్పలనర్సమ్మ ఇంగ్లీషు నేర్చుకుంది. నేర్చుకోమని ఎవరూ ఆమెను బతిమాలలేదు. నేర్చుకున్నాక మెచ్చుకున్నవాళ్లూ లేరు, ఒక్కరు తప్ప. ఆ ఒక్కరి మెచ్చుకోలు కన్నా తిట్టు నయం. ఆ సంగతి చివర్న చెబుతాను.

పుట్టింది బొబ్బిలి దగ్గర ఒక పల్లెలో. చదివింది ఐదో తరగతి, అదీ తెలుగు బడిలో. పైడిరాజుకిచ్చి పెళ్లి చేస్తే బిలాస్‌పూర్ రైల్వే కాలనీకి వచ్చిపడింది. పైడిరాజు తండ్రి బొగ్గింజన్ల కాలంలో ఖలాసీగా వచ్చి అక్కడే రిటైరయ్యాడు. పైడిరాజు గూడ్సు బళ్ల మీద మొదట అసిస్టెంటు, తర్వాత డ్రైవరు. కాలనీలో ఎటు చూసినా విజయనగరం, శ్రీకాకుళం వాళ్లే కాబట్టి ఇంట్లో భాషకి లోటు లేదు. బయట భాష అంటారా, బుధవారి బజారులో కూరలమ్మే ఆడవాళ్లతో బేరాలాడీ ఆడీ ఏడాది తిరక్కుండానే హిందీ పట్టేసింది, అందులో సగం ఛత్తీస్‌గఢీ. కొత్త భాష రావాలంటే నాలుగు రోజులు బజారుకెళ్తే చాలనుకుంది. ఇంగ్లీషుకి బజారు లేదని, గేటు మాత్రమే ఉందని అప్పటికి ఆమెకు తెలీదు.

కూతురు భానుప్రియకి నాలుగేళ్లొచ్చేసరికి పైడిరాజుకి కాన్వెంటు పిచ్చి పట్టింది. పట్టదూ మరి? షెడ్డులో ఎవడైనా పైకొచ్చాడంటే ఆఫీసరు ముందు నాలుగు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడగలిగినవాడే. పైడిరాజుకి చార్జిషీటు ఇచ్చినా అందులో తనను ఏమని తిట్టారో చదివించుకోవడానికి యూనియన్ ఆఫీసుకి పరిగెత్తాల్సి వచ్చేది. తన బతుకు ఎలాగూ వేలు పెట్టి చూపించినచోట సంతకం పెట్టడంతోనే అయిపోయింది, పిల్లకి ఆ గతి పట్టకూడదన్నాడు. అందులో తప్పేమీ లేదు. ఆ తరవాత చేసిందే తప్పు.

కాన్వెంటులో సీటు కావాలంటే పిల్లని కాదు, ముందు తల్లిని పరీక్ష చేస్తారు. హోంవర్కు చేయించేది తల్లి కదా, ఆమెకు ఇంగ్లీషు రాకపోతే పిల్లకేం వస్తుందని వాళ్ల లెక్క. అందుకని కాలనీలో ఒక పద్ధతి పుట్టింది. ఆ ఏడు సీటు దొరికిన తల్లి సాయంత్రం పూట వరండాలో కూర్చుంటే, వచ్చే ఏడు వెళ్లాల్సిన తల్లులు చుట్టూ చేరేవారు. సిస్టరు మొదట ఏమడిగింది, తరవాత ఏమడిగింది, కుర్చీలో కూర్చోమందా, నిలబెట్టిందా, అన్నీ చెప్పించుకునేవారు. పచ్చళ్ల కొలతల్లాగే ఆ ప్రశ్నలూ ఒక వరండాలోంచి ఇంకో వరండాలోకి చేరేవి. అప్పలనర్సమ్మ ఒక్క వరండా కూడా వదల్లేదు.

జవాబులు నేర్పింది తోడికోడలు తనూజ. పైడిరాజు తమ్ముడు చిన్నారావు పార్సెలాఫీసులో క్లర్కు. వాళ్లకింకా క్వార్టర్ రాక అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంట్లో ఉండేవారు. తనూజ ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగింది, ఇంగ్లీషు చదువు, బీయే పాసైంది. మధ్యాహ్నాలు ఇద్దరూ చెరో చేట ముందేసుకుని బియ్యంలో రాళ్లేరుతూ కూర్చునేవారు. ఒకామె అడిగేది, ఒకామె చెప్పేది.

"వాట్ ఈజ్ యువర్ నేమ్?"

"మై నేమ్ ఈజ్ అప్పలనర్సమ్మ."

ఆ మొదటి ప్రశ్న మీద అప్పలనర్సమ్మకి మోజు కలిగింది. ఎందుకో చెప్పాలి. ఊళ్లో ఉన్నప్పుడు ఆమె ఫలానా వాళ్ల గుంట. ఇక్కడికొచ్చాక డ్రైవరుగారి ఆడమనిషి, ఆ తర్వాత భాను వాళ్లమ్మ. ఫలానా పేరు నీదేనా అని పెళ్లిలో పంతులు అడిగిందే ఆఖరు. ఇన్నాళ్లకి ఒక భాష వచ్చి, అన్నిటికన్నా ముందు నీ పేరేమిటమ్మా అని అడుగుతోంది. అది ఆమెకు మర్యాదగా తోచింది. సిస్టరు ఎదురుగా కుర్చీలో కూర్చుని ఒక్కసారి ఆ జవాబు చెప్పాలి, ఈ పిల్లకి తల్లిని నేనే అని ఆ భాషలోనే అనాలి. అంతకు మించి ఆమె ఏమీ కోరలేదు.

మిగతా ఇంగ్లీషు మాత్రం ఆమెను ముప్పుతిప్పలు పెట్టింది. మాటలు కొన్ని ముందే వచ్చు. డ్యూటీ, షెడ్, సిక్, రెస్ట్, లైన్ క్లియర్ ఆ ఇంట్లో చంటిపిల్లలకి కూడా వచ్చు. కానీ అవన్నీ యార్డులో విడివిడిగా పడున్న వ్యాగన్లు, ఒకదానికొకటి తగిలించి లాగడం రావాలి కదా. నేను అన్నం తింటాను అంటే తినడం చివర్న వస్తుంది, అదే న్యాయం, అన్నం లేకుండా ఎవరు తింటారు? ఇంగ్లీషువాడు అన్నం పెట్టకముందే తినేస్తాడు. అది అలవాటు కావడానికే నెల పట్టింది. ఇంకొకటి ఆమెకు ఎంతకీ మింగుడు పడలేదు. సిస్టరునైనా, వీధిలో కుక్కనైనా ఇంగ్లీషులో ఒకే మాటతో పిలవాలట.

"అంత పెద్దామెని యూ అంటే బాగుంటాదేటి?" అనడిగింది తనూజని.

"అందరూ అదే అంటారక్కా. అందులో తప్పు లేదు."

"నాకు నోరు రాదు," అని, ఊరుకోక "యూ అండి" అనేది. తనూజ నవ్వేది, ఆమె కూడా నవ్వేది. వాళ్లిద్దరూ కలిసి నవ్వుకున్న కాలం అదే.

ఇంటర్వ్యూకని గోల్ బజారులో లేత నీలం వాయిల్ చీర కొనుక్కుంది. సిస్టర్లకి మెరుపు చీరలు నచ్చవని వరండాల్లో చెప్పుకునేవారు. ముందు రోజు పైడిరాజు లైను మీంచి దిగి, స్నానం చేసి, తానే సిస్టరై కుర్చీలో కూర్చున్నాడు. పేరు అడగాల్సినచోట ఈ స్కూలే ఎందుకు కావాలని ముందడిగాడు. అప్పలనర్సమ్మ తడబడింది. ఒక్క క్షణం ఆగి, మాటలు వరసలో పెట్టుకుని, సరైన జవాబే చెప్పింది. పైడిరాజు ఆ జవాబు వినలేదు, మధ్యలో ఆగిన ఆ క్షణాన్నే విన్నాడు. మొహం మాడ్చుకుని లేచిపోయాడు.

తెల్లారి కాఫీ గ్లాసు పట్టుకుని మెల్లగా మొదలెట్టాడు.

"నువ్వు కోపం తెచ్చుకోకు. లింకులో ఉన్న డ్రైవరు సిక్ పడితే ఏటి సేస్తాం? స్పేర్‌లో ఉన్నోడు ఎక్కుతాడు. బండి ఆగదు కదా. ఈ ఒక్క దినానికీ తనూజ స్పేర్‌లో ఎక్కుతాది. సీటు వొచ్చీసినాక మళ్లీ నువ్వే."

"నాకు సిక్ ఏటి?" అంది అప్పలనర్సమ్మ.

"అక్కడికెల్తే నీకు నోరు పడిపోతాది. నాకు తెల్దేటి? ఆఫీసరు ముందర నాకే పడిపోతాది."

రైలువాడి బుర్రకి అది మోసంగా తోచలేదు, అందుకే చెబుతున్నాను. బండి నడవాలి, ఇంజన్లో ఎవడున్నాడని పెట్టెల్లో కూర్చున్నవాడు చూడడు. అతను పుట్టినప్పట్నించీ ఆ ఇంట్లో బతుకు అలాగే నడిచింది. తల్లి కూడా లింకులో, అంటే డ్యూటీల జాబితాలో, ఒక పేరేనని, ఒకరి బదులు ఒకరిని ఎక్కించవచ్చని అతను నిజంగానే అనుకున్నాడు.

"వద్దు బావగారూ, ఇది తప్పు. అక్కకి వచ్చు, నేను నేర్పాను కదా," అంది తనూజ. చిన్నారావు అన్నగారి మాటకి ఎదురు చెప్పలేక పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఇంక తనూజ మాట ఎవరు వింటారు? తనూజ దగ్గర లేతరంగు చీర లేకపోతే ఆ నీలం వాయిల్ చీరే కట్టుకోవాల్సి వచ్చింది. కుచ్చిళ్లు సర్దింది అప్పలనర్సమ్మే. రిక్షాలో పైడిరాజు పిల్లకి పాఠం చెప్పాడు. గేటు లోపల పిన్నిని మమ్మీ అనాలి. గేటు బయట అమ్మని అమ్మ అనాలి. పిల్ల తెలివైనది, ఒక్కసారి చెబితే పట్టేసింది.

అప్పలనర్సమ్మ గేటుకెదురుగా కల్వర్టు మీద కూర్చుంది. వాళ్లు బయటికొచ్చేసరికి పైడిరాజు మొహం వెలిగిపోతోంది. తనూజ మాత్రం ఇంటికి రాగానే గదిలోకెళ్లింది. చీర విప్పి మడతపెడుతూ, తల ఎత్తకుండా చెప్పింది.

"పేరు అడిగారక్కా. భాను పుట్టినప్పటి రైల్వే ఆస్పత్రి కాగితంలో తల్లి పేరు నీదే ఉంది కదా. అదే చెప్పాను."

అప్పలనర్సమ్మ ఆ చీర అందుకుని పెట్టెలో పెట్టేసింది. అన్ని నెలలు బియ్యం ముందు కూర్చుని తోమి తోమి పెట్టుకున్న జవాబు అలా ఇంకొకరి నోట్లోంచి వెళ్లిపోయింది.

స్పేర్‌లో ఎక్కినవాడిని దించడానికి ఎక్కడో ఒకచోట రిలీఫ్ వస్తుంది. ఇక్కడ రాలేదు. పేరెంట్స్ మీటింగన్నారు, సిస్టరుకి మొహం తెలుసు కాబట్టి తనూజే వెళ్లాలి. వార్షికోత్సవమన్నారు, తనూజే. పిల్లకి జ్వరమొస్తే తీసుకురావడానికి కూడా తనూజే. ప్రతి జూన్‌లోనూ అప్పలనర్సమ్మ "ఈసారి నానెల్తాను" అనేది. "తెలిసిందంటే పేరు కొట్టీసి ఇంటికి తోలీస్తారు" అనేవాడు పైడిరాజు. పిల్ల చదువని బెదిరిస్తే ఏ తల్లి మాట్లాడుతుంది? అబద్ధమాడకూడదని ఆ బళ్లో రోజూ ప్రార్థనలో పిల్లలచేత అనిపించేవారట. భాను కూడా చేతులు జోడించుకుని అనేది.

తనూజకీ అది పట్టుపరుపేమీ కాదు. ఆమెకు కొడుకు పుట్టాడు, ప్రవీణ్. వాణ్ణి అదే కాన్వెంటులో వేద్దామంటే, ఇంకో మొగుడి పేరుతో ఇంకో పిల్లవాణ్ణి పట్టుకుని అదే సిస్టరు దగ్గరికి ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది? వాణ్ణి రైల్వే బళ్లో వేసింది. ఆరోజు తోడికోడళ్లిద్దరికీ మాటామాటా వచ్చింది.

"నీ పేరు మోసినందుకు నా కొడుక్కి గేటు మూసుకుపోయిందక్కా."

"నాను మొయ్యమన్నానేటి?"

ఎవరి బాధ వాళ్లది, పైగా ఇద్దరిదీ నిజమే. చేటల ముందు కూర్చోవడం ఆ రోజుతో ఆగిపోయింది.

అయినా అప్పలనర్సమ్మ ఇంగ్లీషు వదల్లేదు. ఎప్పటికైనా రిలీఫ్ వస్తుందని, తనను ఎక్కమంటారని ఆశ. భాను పైకి చదువుతుంటే పొయ్యి దగ్గర కూర్చుని లోపల్లోపల తానూ చదివేది. పిల్ల ఒకటో తరగతి పాసైతే తానూ పాసయ్యేది, పిల్ల పుస్తకం పాతబడితే దాన్ని తాను తీసుకునేది. మధ్యాహ్నం వేడన్నం డబ్బా పట్టుకుని గేటు దాకా వెళ్లేది, అంతవరకే ఆమెకు అనుమతి. చౌకీదారు డబ్బా అందుకుని "బాయి, పక్కకి జరుగు" అనేవాడు. ఆ ఊళ్లో పనిచేసే ఆడవాళ్లని అలాగే పిలుస్తారు. మొదట్లో ఆమెకు కోపమొచ్చేది. తర్వాత అలవాటైంది.

భాను ఆరో తరగతిలో ఉండగా ఒకరోజు ధైర్యం చేసి, కంచం ముందు పెట్టి, "కమ్ అండ్ ఈట్, ద రైస్ ఈజ్ హాట్" అంది. తప్పులేదు అందులో. కానీ ఆ పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది. "పిన్నీ, సునో నా, అమ్మ ఇంగ్లీష్ మాట్లాడుతోంది" అని అరిచింది. పైడిరాజు కూడా నవ్వాడు. తనూజ నవ్వలేదు, లోపలికెళ్లిపోయింది. ఆ తరవాత అప్పలనర్సమ్మ మనుషులతో ఇంగ్లీషు మాట్లాడలేదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు గిన్నెలతో మాట్లాడేది. తానే సిస్టరై అడిగేది, తానే తల్లై చెప్పేది.

ఏళ్లు గడిచాయి. చిన్నారావుకి షాడోలు స్టేషన్‌కి బదిలీ అయింది, తనూజ కొడుకుని తీసుకుని అక్కడికెళ్లిపోయింది. భాను పదో తరగతికొచ్చింది. వీధిలో హిందీ, బళ్లో ఇంగ్లీషు, తెలుగు మాత్రం అన్నం అడగడానికి సరిపడా ఉండేది. పరీక్షల ముందు ఆ బళ్లో ఒక వీడ్కోలు సభ చేస్తారు. ప్రతి అమ్మాయి చేతిలో ఒక కొవ్వొత్తి ఉంటుంది, దాన్ని వాళ్లమ్మ వచ్చి వెలిగించాలి. దానికి తనూజ రావాల్సింది, కానీ ప్రవీణ్‌కి అమ్మవారు పోసిందని కబురొచ్చింది. పైడిరాజు డ్యూటీకెళ్తూ, "మమ్మీకి ఒంట్లో బాగులేదని సెప్పీ, ఏటీ అవదు" అని కూతురికి చెప్పి, డ్యూటీ సామాన్ల బాక్సు మోయించుకుని వెళ్లిపోయాడు.

అతను మలుపు తిరగ్గానే అప్పలనర్సమ్మ పెట్టె తెరిచింది. నీలం వాయిల్ చీర మడతల దగ్గర రంగు వెలిసింది గానీ చిరగలేదు. అదే కట్టుకుంది.

భాను గుమ్మంలో నిలబడిపోయింది. "నువ్వెందుకమ్మా? సిస్టర్‌కి క్యా బోలూఁ?"

"నిజం సెప్పు. హాల్‌టికెట్టు వొచ్చీసింది, ఇంక పేరు కొట్టలేరు. ఎవురికీ నష్టం లేదు. ఒక్క కొవ్వొత్తి ఎలిగించీసి వొచ్చెస్తాను."

పిల్ల బూట్లు తొడుక్కుని గుమ్మం దిగింది. దాన్నే సరేననుకుంది తల్లి. దారిపొడుగునా జవాబులన్నీ ఒకసారి మనసులో అప్పజెప్పుకుంది. భాను బరువైన సంచీ కూడా తానే భుజాన వేసుకుంది. గేటు దగ్గర చౌకీదారు, "ఏం బాయి, ఇవాళ డబ్బా లేదా?" అన్నాడు. ఆమె అతన్ని దాటుకుని లోపలికి నడిచింది. ఇన్నేళ్లలో ఆ గేటు దాటడం అదే మొదలు.

హాల్లో తల్లులందరూ కుర్చీల్లో ఉన్నారు. ఆ క్లాసులో కాలనీ పిల్ల భాను ఒక్కతే, అప్పలనర్సమ్మ మొహం తెలిసినవాళ్లు అక్కడ లేరు. భాను స్నేహితురాళ్లు చుట్టూ చేరారు. అంతలో సిస్టరు వచ్చింది. పెద్దదైపోయింది, కళ్లజోడు దళసరెక్కింది, మనిషి మాత్రం ఆమే.

"భానుప్రియా, వేర్ ఈజ్ యువర్ మదర్?"

భాను స్నేహితురాళ్ల వైపు చూసింది. తల్లి చీర వైపు చూసింది. తల్లి భుజాన సంచీ ఉంది.

"మమ్మీ ఈజ్ నాట్ వెల్, సిస్టర్."

"అండ్ హూ ఈజ్ షీ?"

"షీ వర్క్స్ ఇన్ అవర్ హౌస్."

ఏ ఇంగ్లీషు మాట విన్నా అప్పలనర్సమ్మ దాన్ని మనసులో అటూ ఇటూ తిప్పి, తెలుగు వరసలో పెట్టుకుంటే గానీ అర్థమయ్యేది కాదు. ఈ మాటకి ఆ శ్రమ అక్కర్లేకపోయింది. అన్న క్షణంలోనే అర్థమైంది. ఇంగ్లీషు రాకపోతే ఎంత బాగుండేది. ఇంగ్లీషు రాని తల్లైతే ఆ మాటకి నవ్వి తలూపి ఊరుకునేది.

సిస్టరు ఆమె వైపు తిరిగి, దయగానే, ఒక్కొక్క మాటా విడదీసి అడిగింది.

"వాట్ ఈజ్ యువర్ నేమ్?"

ఇన్నేళ్లూ ఎదురుచూసిన ప్రశ్న. జవాబు నాలుక చివరే ఉంది. కానీ ఆ పేరు సిస్టరుకి తెలుసు. ఆ పేరుతోనే ఇన్నేళ్లూ తనూజని పలకరించింది. ఇప్పుడది నోట్లోంచి వస్తే, అంతమంది మధ్య, పరీక్షలకి వెళ్లబోయే పిల్ల అబద్ధాలకోరైపోతుంది. భాను నేల చూస్తోంది. వెలిగించని కొవ్వొత్తి చేతిలో అలాగే ఉంది.

"మై నేమ్ ఈజ్ తనూజ, సిస్టర్," అంది అప్పలనర్సమ్మ. ఎక్కడా ఆగలేదు, తడబడలేదు.

సిస్టరు కనుబొమలు లేచాయి. ఇంగ్లీషు ఎక్కడ నేర్చుకున్నావని అడిగింది.

"ఇన్ ద హౌస్, సిస్టర్."

సిస్టరు మొహమంతా సంతోషం. భాను భుజం మీద చెయ్యేసి ఇంగ్లీషులోనే అంది. మీ అమ్మ ఎంత మంచి మనిషి, ఇంట్లో పనిచేసేవాళ్లకి కూడా చదువు చెప్పింది, ఎంత చక్కగా మాట్లాడుతోందో చూడు, నేను మెచ్చుకున్నానని మీ అమ్మకి తప్పకుండా చెప్పు.

"యెస్, సిస్టర్," అంది భాను.

భాను కొవ్వొత్తి సిస్టరే వెలిగించింది. అప్పలనర్సమ్మ సంచీ పట్టుకుని వెనక గోడ దగ్గర, ఆయాలు నిలబడ్డచోట నిలబడింది. పక్కనున్న ఛత్తీస్‌గఢీ ఆయా కాస్త జరిగి చోటిచ్చి, ఎవరింట్లో పనిచేస్తావు బాయి అని అడిగింది. డ్రైవర్ పైడిరాజు ఇంట్లో, అని చెప్పింది అప్పలనర్సమ్మ. ఆ మాటలో మాత్రం అబద్ధం లేదు.

సభ అయ్యాక ఇద్దరూ బయటికొచ్చారు. గేటు దాటి కల్వర్టు దాకా వచ్చాక భాను "అమ్మా" అంది. చిన్నప్పుడు తండ్రి నేర్పినట్టే, సరిగ్గా గేటు బయటికొచ్చాకే అంది. అప్పలనర్సమ్మ ఆగలేదు. పిల్ల పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుని "సారీ అమ్మా" అని ఏడ్చింది. ఆ మాటని తెలుగులో ఎలా చెప్పాలో ఆ పిల్లకి ఎవరూ నేర్పలేదు.

అప్పలనర్సమ్మ చెయ్యి విడిపించుకుని, సంచీ ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది.

"సిస్టరు గారు మీ మమ్మీకి సెప్పమన్నారు కదేటి, మర్సిపోకు," అంది. "షాడోలుకి కార్డు ముక్క రాయి. ఇంగ్లీషులోనే రాయి. మీ మమ్మీకి వొచ్చు కదా."